కోళ్లకు మూడు రోజులుగా విరేచనాలు, మందు పెట్టినా తగ్గడం లేదు, దయచేసి సలహా చెప్పండి

కొత్తగూడు:

అందరికీ నమస్కారం. తెల్లవారుజామున నాలుగు గంటల నుంచి గూటి దగ్గరే కూర్చుని ఉన్నాను, ఇప్పుడు పది దాటింది, ఇంతవరకు ఏమీ పాలుపోలేదు. మా కోళ్లు మూడు రోజులుగా విరేచనాలతో బాధపడుతున్నాయి. నిన్న రెండు చనిపోయాయి, ఈ ఉదయం మరొకటి తల వాల్చేసింది. మందుల దుకాణంలో చెబితే ఒక పొడి ఇచ్చారు. మొన్నటి నుంచి దాన్ని తాగే నీళ్లలో కలిపి పెడుతున్నాను, బలం కోసం టానిక్ కూడా ఇస్తున్నాను, అయినా ఏమాత్రం గుణం కనిపించలేదు. వీటిలో ఒకదానికి కందనకాయ రాయిలా గట్టిపడి, మెడ కింద చేతికి తగులుతోంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకరు వెల్లుల్లి అంటారు, ఒకరు పసుపు అంటారు, ఇంకొకరు మనుషులు వాడే మాత్ర నూరి పోయమంటారు. మా పిల్లలు వీటికి పేర్లు పెట్టుకుని పెంచుకుంటున్నారు, చనిపోయినవాటిని వాళ్లు నిద్ర లేవకముందే తీసుకెళ్లి పూడ్చి వచ్చాను. ఏ మందు వాడాలో తెలిసినవారు దయచేసి వెంటనే చెప్పండి.

గోదావరి గట్టు:

కోళ్ల వయసు ఎంత, మొత్తం ఎన్ని ఉన్నాయి, రెట్ట ఏ రంగులో ఉంది, దుకాణంవారు ఇచ్చిన పొడి పేరేమిటి? ఈ నాలుగూ రాయకుండా మందు అడిగితే ఎవరూ చెప్పలేరు.

పెరటిసాగు:

ఇది కచ్చితంగా కొక్కెర తెగులే, అంటే రాణిఖేత్. తల వాల్చేసింది అని మీరే రాశారు. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే మార్గం. మన ఊళ్లలో నాటుకోళ్లు గంపలకు గంపలు పోవడానికి కారణం టీకా మీద ఉన్న అశ్రద్ధేనని ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. మొదటి వారంలోనే కంట్లో గాని ముక్కులో గాని ఎఫ్ రకం లేదా లసోటా టీకా చుక్క వేయాలి, నాలుగైదు వారాలకు లసోటా మళ్లీ వేయాలి, ఎనిమిదో వారం దాటాక రెక్క కింద అర మిల్లీలీటరు ఆర్‌టూబీ టీకా సూది వేయించాలి. టీకా సీసాను మంచులో పెట్టి తెచ్చుకోవాలి, కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడేయాలి. సీసా తెచ్చి మధ్యాహ్నం దాకా చొక్కా జేబులో తిప్పి, సాయంత్రం వేసి, టీకా పనిచేయలేదని చెప్పేవారిని నేను ఎందరినో చూశాను. మీరు టీకాలు వేయించారా?

ఊకపరుపు:

టీకా సంగతి తరువాత చూద్దాం, ముందు గూటిలో నేల ఎలా ఉందో చెప్పండి. వానాకాలంలో కోళ్లకు వచ్చే పొట్ట జబ్బుల్లో చాలా భాగం తడిసిన ఊక దగ్గరే మొదలవుతాయి. ఊకను గుప్పెట్లో పట్టి పిండితే ముద్దగా నిలిచిపోకూడదు, చేయి తెరవగానే రాలిపోవాలి. నీళ్ల గిన్నె చుట్టూ రెండు జానల మేర ఊక ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి, గిన్నెను కోడి వీపు ఎత్తులో ఇటుకల మీద పెట్టి, దాని కింద జల్లెడ వంటి చట్రం అమర్చితే నీళ్లు ఒలికినా పిల్లల కాళ్లకు అంటవు. రోజూ ఊకను తిరగేసి, తడిసిన భాగాన్ని ఎత్తేసి, పొడి ఊకలో కొద్దిగా సున్నం కలిపి పరచాలి. ఫినాయిల్ చల్లాం కదా అని ఊరుకునేవారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది: పేగు జబ్బు తెచ్చే కాక్సీడియా అనే సూక్ష్మజీవి గుడ్లకు ఫినాయిల్ వల్ల ఏమీ కాదు, అవి ఎండకూ ఆరుదలకూ లొంగుతాయి. నేను ఏడేళ్లుగా ఊక మీదే శ్రద్ధ పెడుతున్నాను, మందుల ఖర్చు చాలా వరకు తగ్గిపోయింది.

గోదావరి గట్టు:

ప్రశ్న అడిగినవారు ఇంకా వయసు చెప్పలేదు. అప్పుడే కొక్కెర తెగులు అని తేల్చడం సరికాదు.

పెరటిసాగు:

రాణిఖేత్‌లో మెడ మెలి తిరుగుతుంది, ఆకుపచ్చ విరేచనాలు అవుతాయి, నోరు తెరిచి ఆయాసపడతాయి. ఇవి నేను కళ్లారా చూసిన లక్షణాలు.

గోదావరి గట్టు:

మెడ మెలి తిరిగిందని ఆయన ఎక్కడ రాశారు? తల వాల్చడం వేరు, మెడ తిరగడం వేరు. ఆకుపచ్చ రెట్ట కూడా ఒక్క రాణిఖేత్‌లోనే వస్తుందని అనుకోకండి. మేత ముట్టని ఏ కోడికైనా పిత్తరసం వల్ల రెట్ట పచ్చబడుతుంది.

కొత్తగూడు:

ఆలస్యానికి క్షమించండి, ఇంకొకటి చనిపోయింది. రెట్ట ఎర్రగా, జిగురుగా, రక్తంతో కలిసి వస్తోంది. వయసు అడుగుతారని అనుకోలేదు. ఇవి పద్నాలుగు గ్రామప్రియ పిల్లలు, ఆరో వారం నడుస్తోంది. వాటితోపాటు అదే గూటిలో రెండు పెద్ద నాటుపెట్టలు ఉన్నాయి, జబ్బు పిల్లలకు మాత్రమే వచ్చింది. మొదటి వారం టీకా వేశామని పిల్లలను అమ్మినవారు చెప్పారు. ఖమ్మం పక్కన మాది, పది రోజులుగా వాన వదలడం లేదు, రేకుల కింద ఒక మూల కారుతోంది. పొడి ప్యాకెట్టు మీద అంప్రోలియం 20 శాతం అని ఉంది. కందనకాయ గట్టిపడింది పెద్ద పెట్టల్లో ఒకదానికి.

పశువైద్య విద్యార్థి:

నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మీరు ఇప్పుడు రాసిన వివరాలతో చిత్రం చాలా వరకు స్పష్టమైంది. మూడు నుంచి ఎనిమిది వారాల వయసున్న పిల్లలు, వాన, తడి ఊక, రక్తంతో కూడిన రెట్ట కలిసి వచ్చాయంటే మొదట అనుమానించవలసింది కాక్సీడియోసిస్‌నే, దాన్నే మన పత్రికల్లో రక్తపారుడు అని రాస్తారు. ఐమీరియా అనే కాక్సీడియా సూక్ష్మజీవి పేగు గోడ కణాల్లోకి చొరబడి, అక్కడే పెరిగి, ఆ కణాలను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అందుకే రక్తం కారుతుంది, అందుకే తిన్నది ఒంటికి పట్టదు, పిల్ల ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, ఒక మూల ముడుచుకుంటుంది, తురాయి పాలిపోతుంది. రెట్టతో పడిన ఆ సూక్ష్మజీవి గుడ్లు వెచ్చగా, తడిగా ఉన్న ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే అంటించే స్థితికి చేరతాయి. పెద్ద పెట్టలు చిన్నప్పుడే దీన్ని తట్టుకుని ఉంటాయి కాబట్టి వాటికి జబ్బు కనిపించదు, కాని వాటి రెట్ట ద్వారా గుడ్లు పిల్లలకు చేరుతూనే ఉంటాయి. పిల్లలను వాటి నుంచి ఈ రోజే వేరు చేయండి.

చూసేవారు పొరబడే విషయం మరొకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న కోడి కూడా రోజులో కొన్నిసార్లు గోధుమ రంగులో, జిగటగా, ఘాటైన వాసనతో రెట్ట వేస్తుంది. అది గుడ్డిపేగుల నుంచి, అంటే పేగు చివరి వైపు ఉండే రెండు సంచుల నుంచి, వచ్చే సహజమైన రెట్ట. అప్పుడప్పుడు కనిపించే చిన్న ఎర్రని పొరలు కూడా పేగు లోపలి పొర రాలినవే. వాటిని చూసి భయపడనక్కర లేదు. మీరు చెబుతున్నది పచ్చి రక్తం అయితే మాత్రం అది వేరే సంగతి.

పెరటిసాగు:

రక్తపారుడు అనే మాటతోనే చిక్కంతా వస్తోంది. రక్తం కనిపించలేదు కాబట్టి ఇది కాక్సీడియా కాదని మా పక్క ఊరి రైతు ఒకరు పదిహేను పిల్లలను పోగొట్టుకున్నారు.

పశువైద్య విద్యార్థి:

మీరన్నది నిజమే. కోళ్లలో ఐమీరియా ఏడు రకాలు. గుడ్డిపేగుల్లో చేరే టెనెల్లా రకం రక్తం చూపిస్తుంది. చిన్న పేగు మొదట్లో చేరే ఎసెర్వులినా రకంలో ఎక్కువగా నీళ్ల విరేచనాలే ఉంటాయి, పిల్ల ఎదగకుండా చిక్కిపోతుంది. పేరు అలవాటుగా అందరి నోళ్లలో ఉంది కాబట్టి వాడాను.

గోదావరి గట్టు:

పేరు సంగతి పక్కన పెట్టండి. ఆ అంప్రోలియం పొడి కాక్సీడియాకు సరైన మందే అయితే ఎందుకు పనిచేయలేదు? కొత్తగూడు గారూ, లీటరుకు ఎంత కలిపారు? టానిక్ సీసా మీద ఏమని ఉందో ఉన్నది ఉన్నట్టు రాయండి.

కొత్తగూడు:

పొడి చిటికెడు చొప్పున గిన్నెలో వేస్తున్నాను. టానిక్ మీద బి1, బి2, బి6, బి12 అని ఉంది. రెండూ ఒకే నీళ్లలో కలుపుతున్నాను.

పశువైద్య విద్యార్థి:

కారణం ఇక్కడే ఉంది. అంప్రోలియం నిర్మాణం బి1 విటమిన్‌ను పోలి ఉంటుంది, సూక్ష్మజీవి దాన్ని విటమిన్‌గా తీసుకుని, అసలు విటమిన్ అందక క్షీణిస్తుంది. అదే నీళ్లలో మీరు బి1 కూడా పోస్తే మందు బలం తగ్గిపోతుంది. టానిక్‌ను వెంటనే ఆపండి, మందు పూర్తయిన తరువాత ఇవ్వవచ్చు. ఇక మోతాదు చిటికెలతో తేలదు. 20 శాతం పొడి లీటరుకు 1.2 గ్రాములు, అంటే నాలుగు లీటర్లకు దాదాపు 5 గ్రాములు, ఐదు రోజులు ఇవ్వాలి. తరువాత లీటరుకు 0.3 గ్రాములకు తగ్గించి మరో వారం కొనసాగించాలి. ప్యాకెట్టు మీద ఉన్న మోతాదుతో ఒకసారి సరిచూసుకోండి. వేరే నీళ్లు అందుబాటులో ఉంచకండి, వాన నీటి గుంటల దగ్గరికి పోనివ్వకండి, మందు నీళ్లను రోజూ మార్చండి. బాగా నీరసించినవాటికి అవే నీళ్లు ముక్కు అంచు మీద చుక్కలుగా వేయండి, గొంతులో బలవంతంగా పోయకండి.

మనుషుల మాత్రలు నూరి పోయవద్దు. మామూలు యాంటీబయాటిక్ ఈ సూక్ష్మజీవి మీద పనిచేయదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలోనే నిషేధించింది.

డాలస్ పెరడు:

మా వద్ద పిల్లల దాణాలోనే తక్కువ మోతాదులో అంప్రోలియం కలిపి అమ్ముతారు, అది నివారణకే గాని జబ్బు వచ్చాక సరిపోదు. మొదటి సంవత్సరం నేను ఆ దాణా మీదే నమ్మకం పెట్టుకుని నీళ్లలో మందు వేయడం ఆలస్యం చేశాను, నాలుగు పిల్లలను కోల్పోయాను. జబ్బు పిల్ల మేత మానేస్తుంది గాని దాహం వల్ల నీళ్లు మాత్రం తాగుతుంది, అందుకే మందు నీళ్లలో ఇవ్వడమే మేలు.

కొత్తగూడు:

చనిపోయిన పిల్లను నేనే కోసి పేగులు చూడవచ్చా?

గోదావరి గట్టు:

వద్దు. 2025 ఫిబ్రవరిలో మా పక్కనే తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన నాటి నుంచి, కారణం తెలియకుండా చనిపోయిన కోడిని ఇంట్లో కోయవద్దని అందరికీ చెబుతున్నాను. మీ విషయంలో పెద్ద కోళ్లు చనిపోలేదు కాబట్టి ఆ భయం తక్కువే, అయినా చేతికి తొడుగు వేసుకుని, పిల్లను రెండు సంచుల్లో కట్టి, మంచు పక్కన పెట్టి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. గడ్డకట్టించకండి. వెళ్లలేకపోతే సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి.

పశువైద్య విద్యార్థి:

రెట్ట నమూనా కూడా తీసుకెళ్లండి. కాని ఒక్క రెట్ట పరీక్షలో గుడ్లు కనిపించలేదంటే జబ్బు లేదని కాదు. టెనెల్లా సోకిన పిల్ల, గుడ్లు రెట్టలోకి రావడానికి ముందే రక్తం పోయి చనిపోవచ్చు. కోసి చూస్తే గుడ్డిపేగులు రక్తంతో నిండి ఉంటాయి, వైద్యులకు అదే ఎక్కువ చెబుతుంది.

పెరటిసాగు:

ఆ పెద్ద పెట్టకు కందనకాయ గట్టిపడిందని రాశారు. మెడ కింద, రొమ్ము పైన చేతికి తగిలేది కందనకాయ కాదు, అది మేత సంచి. కందనకాయ కడుపు లోపల ఉంటుంది, బయటి నుంచి చేతికి దొరకదు.

ఊకపరుపు:

మా వైపు రెండింటినీ కందనకాయ అనేవారు ఉన్నారు.

పెరటిసాగు:

అనవచ్చు గాని, వైద్యానికి ఆ తేడా అవసరం. మేత తొలుత సంచిలో నాని, తరువాత కందనకాయలో చిన్న రాళ్ల మధ్య నలుగుతుంది. సంచి సాయంత్రం నిండుగా ఉండడం సహజం. పొద్దున్నే, మేత వేయకముందు తడిమి చూడండి, అప్పటికీ గట్టిగా ముద్దలా ఉంటే పీచు గడ్డో, తాడు పోగులో అడ్డుపడ్డాయి. మెత్తగా నీటి సంచిలా ఉండి, నోటి నుంచి పులిసిన వాసన వస్తే అది వేరే జబ్బు. ఏదైనా సరే, తలకిందులుగా పట్టి పిండకండి, ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పూట మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టి, కొద్దిగా నూనె చుక్కలు తాగించి, వేళ్లతో నెమ్మదిగా నలపండి. మర్నాటికి కరగకపోతే వైద్యులే కోసి తీయాలి.

కొత్తగూడు (రెండు రోజుల తరువాత):

పశువైద్యశాలలో కోసి చూశారు, గుడ్డిపేగుల నిండా రక్తమే, కాక్సీడియా అన్నారు. టానిక్ ఆపాను, తూకం తెచ్చుకుని మందు కలుపుతున్నాను. నిన్న ఒకటి పోయింది, ఈ రోజు ఏదీ పోలేదు, తొమ్మిది మిగిలాయి, అయిదు మేత దగ్గరికి వస్తున్నాయి. పెద్ద పెట్టను పొద్దున్నే తడిమితే సంచి సగం తగ్గింది. అందరికీ ధన్యవాదాలు.

ఊకపరుపు:

ఊక మార్చారో లేదో, రేకుల కింద కారే మూలను సరిచేశారో లేదో మీరు రాయలేదు. వాన ఇంకా వదలలేదు కాబట్టి అడుగుతున్నాను.