పాటల పత్రిక కవర్: కాలేజీ పోరగాళ్లు చేతిలకు తీసుకోవాలంటే ఎట్లుండాలె?

కాజీపేట_లోకల్
దోస్తులం కలిసి పాటల మీద పత్రిక తెస్తున్నం. ఏ4 సైజు, ఆఫ్‌సెట్. ఒగ్గుకథ నుంచి ర్యాప్ దాకా అన్నీ ఉంటయ్. డ్రాఫ్ట్ పెట్టిన, చూడుండ్రి. నల్ల బ్యాక్‌గ్రౌండ్, నియాన్ ఆకుపచ్చ టైటిల్, నడుమ డప్పు కొట్టే పిలగాడు, ఎనక కాకతీయ తోరణం. ఫోటో మంచిగుంటదా, బొమ్మనా? హెడ్డింగులు ఎన్ని పెట్టాలె?

సుబేదారి_డీటీపీ
పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కాలం నుంచి ఇదే పని చేస్తున్న, చెప్తే ఇను తమ్మీ. ఆ నియాన్ నీ ఫోన్లనే మెరుస్తది. అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలకు మార్చంగనే పాలిపోతది. నిజంగ అదే రంగు కావాల్నంటే ఫ్లోరోసెంట్ ఇంకు స్పాట్ కలర్‌గ, అంటే విడిగ, ఏయించాలె, అంటే అయిదో ప్లేటు, దాని పైసలు అలగ్. నలుపు సుత ఉత్త కె 100, అంటే నల్ల ఇంకు ఒక్కటే ఇస్తే బూడిద తీరు కొడ్తది, కొంచెం సయాన్ (నీలం ఇంకు) కలుపు. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్, అంటే కోతల పోయే అంచు, ఇడ్సినవా లేదా?

ఐనవోలు_పోరడు
రంగు సంగతి ఎనక. ముందుగాల ఆ పిలగాని చేతులు చూడుండ్రి. రెండు పుల్లలు ఒక్కతీరుగ ఉన్నయ్! కుడిచేతిల సిర్ర పొట్టిగ, లావుగ ఉంటది. ఎడమచేతిల చిటికెన పుల్ల సన్నగ, పొడుగ్గ ఉంటది. ఎవలు గీసిండ్రు దీన్ని?

కాజీపేట_లోకల్
అన్నా, అది ఏఐతోని చేసిన.

ఐనవోలు_పోరడు
గదే అనుకున్న. మన దగ్గర ఏ ఊర్ల చూసినా డప్పు కొట్టేటోళ్లు ఉంటరు. ఒక్కలను అడిగి ఫోటో తియ్యరాదు?

నిట్_హాస్టల్
భయ్యా, పుల్లల పొడుగు ఎవడు కొలుస్తడు? మాకు వైబ్ కావాలె. కవర్ ముందు వాట్సాప్ స్టేటస్‌లనే కనిపిస్తది, బొటనవేలంత సైజుల. గంతల మీ సిర్ర ఎవనికి కనపడ్తది?

ఐనవోలు_పోరడు
నీకు కనపడదు. మా తాతలు కొట్టిన డప్పు అది, మాకు కనపడ్తది. గిటార్‌కు తీగలు తక్కువ గీస్తే ఊకుంటవా నువ్వు?

నిట్_హాస్టల్
ఎడమచేతి వాటపోడేమో, నీకేం తెల్సు 😂

ఐనవోలు_పోరడు
ఎడమచేతోడైతే పుల్లలు చేతులు మారుతయ్, రెండూ ఒక్కతీరుగ కావు. మాట్లాడే ముందు ఒక్కసారి పట్టుకొని చూడు.

పాటలక్క_కరీంనగర్
ఇద్దరు ఆపుండ్రి. తమ్మీ, బొమ్మ వద్దు, ఫోటోనే పెట్టు. మొఖం పెద్దగ, కండ్లు చూసేటోళ్ల దిక్కు ఉండాలె. పిలగాడే ఎందుకు, పాడే పిల్లలు లేరా మనకు? యూట్యూబ్‌ల మన జానపదం సగం నడిపిస్తున్నది ఆడపిల్లల గొంతులే. ఆ తోరణం మాత్రం తీసెయ్. ఫ్లెక్సీల మీద, షాపుల బోర్డుల మీద చూసి చూసి కండ్లకు అలవాటైంది, ఇంకెవలు ఆగుతరు?

సుబేదారి_డీటీపీ
తోరణం తీస్తే ఇది వరంగల్ పత్రిక అని ఎట్ల తెలుస్తది?

పాటలక్క_కరీంనగర్
లోపల చదివితే తెలుస్తది. అంతగనం కావాల్నంటే రామప్ప శిల్పాల మద్దెలోళ్లు లేరా? 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక సుత మనోళ్లకు తోరణం ఒక్కటే యాదికొస్తది.

పాత_సంచికలు
రోలింగ్ స్టోన్ మొదటి సంచిక 1967 నవంబరులో వచ్చింది. కవర్ మీద జాన్ లెన్నన్, ఒక సినిమాలోని సిపాయి వేషంలో. అక్కడ మొఖమే పత్రికను అమ్మింది. మీ గాయకులు ఇంకా అంత తెలిసినవాళ్లు కాదు కాబట్టి, పేరు కంటే పాటలోని ఒక చరణం పెద్దగా వేయండి. పాట తెలిసినవాళ్లు ఆగుతారు. ఇంకో మాట, గాయకుడి తల టైటిల్ మీదికి రానివ్వకండి. పేరున్న పత్రికలకు చెల్లుతుంది. కొత్త పత్రికకు గుడి దీర్ఘమో, ఒత్తో తల చాటుకు పోతే పేరే మారిపోతుంది.

డిగ్రీ_ఫైనలియర్
టైటిల్ల ఒత్తులు ఇప్పటికే ఎగిరిపడ్డయ్ గద అన్నా, ఎవలు చూడలేదా? యూనికోడ్ ఫాంట్ వాడినవ్, ఇన్‌డిజైన్ల ఒత్తులు సరిగ కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చెయ్యలేదు. రామభద్ర, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఫ్రీగనే ఉన్నయ్.

సుబేదారి_డీటీపీ
పాత అను ఫాంట్లలనే కొట్టు. ప్రెస్సోళ్లు అదే అడుగుతరు.

డిగ్రీ_ఫైనలియర్
పీడీఎఫ్‌ల ఫాంట్ ఎంబెడ్ చేసి, అంటే ఫైల్లనే కలిపి ఇస్తే ప్రెస్సోళ్లకు ఏందైతేంది? ఇంకా పేజ్‌మేకర్ కాలంలనే ఉన్నవ్ కాకా.

సుబేదారి_డీటీపీ
కాకా అంటే అను, పని నేర్చుకొని అను.

కాజీపేట_లోకల్
లడాయి వద్దన్నా. కవర్ మీద క్యూఆర్ పెడ్తే ఎట్లుంటది? స్కాన్ చేస్తే పాట మోగాలె.

డిగ్రీ_ఫైనలియర్
పెట్టు, కని నలుపు మీద తెల్ల గీతలతోని ఏస్తే కొన్ని ఫోన్లు చదవయ్. తెల్ల డబ్బల నల్లగనే ఉంచు, చుట్టూ కొంత జాగ ఇడ్సు.

నిట్_హాస్టల్
ఐనవోలు భయ్యా, కోపం పక్కన పెట్టు. మా ఫెస్ట్‌కు డప్పు కావాలె. ఫైబర్‌ది కొనాల్నా, తోలుదా?

ఐనవోలు_పోరడు
తోలుదైతే మంట కాడ కాపుకోవాలె, మీ హాస్టల్ల మంట పెట్టనిస్తరా? వానకు మెత్తబడ్తది సుత. ఫైబర్‌కు ఆ తిప్పలు లేదు, కని ఆ మోత రాదు. ఇన్‌బాక్స్‌ల రా, కొట్టేటోళ్లనే పంపిస్త. పైసలు మాత్రం ముందే మాట్లాడుకోవాలె.