విసిగి కంప్యూటరు ఆపరేటింగ్ వ్యవస్థ మార్చుకుంటే తెలుగు అచ్చుపని సాగుతుందా?

విజయనగరం, డీటీపీ దుకాణం:
విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే మద్దతు గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. మా ఊళ్లో సిరిమానోత్సవం జరిగి అప్పటికి సరిగ్గా వారం. గంటస్తంభం దగ్గర మా దుకాణంలోని రెండు కంప్యూటర్లూ ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్‌తో నడుస్తున్నవే అయినా, కరపత్రాలకూ శుభలేఖలకూ రశీదు పుస్తకాలకూ వాటిలో ఏ లోటూ లేదు. విండోస్ 11 మాత్రం ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే, అదీ టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే అంగీకరిస్తుంది. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని గడువు తీరిందని పక్కన పెట్టడం అన్యాయమనిపించి, రెండింటిలోనూ విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థ వేసుకున్నాను. చిన్న దుకాణాలవారంతా ఇదే చేయాలని నా వాదన.

ఆమదాలవలస, ముద్రణ పని:
మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే గానీ, ఆ సలహా అందరికీ పనికిరాదు. ఒక పెళ్లిళ్ల సీజనులో, రాత్రి పని మధ్యలో యంత్రం తనంతట తానే అప్‌డేట్‌కు కూర్చుని గంటసేపు లేవకపోయేసరికి, నేనూ విసిగిపోయి మర్నాడే లినక్స్‌కు మారినవాడినే. మూడో రోజున పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, పెద్దమ్మాయికి వేసిన శుభలేఖ లాంటిదే చిన్నమ్మాయికీ కావాలన్నారు. పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో చేసిన ఆ ఫైలును లినక్స్‌లోని ఉచిత ప్రోగ్రాం లిబ్రెఆఫీస్ డ్రా తెరిచింది. అంచు గీతలూ వినాయకుడి బొమ్మా ఉన్నచోటనే ఉన్నాయి. వధువు పేరు ఉండవలసిన చోట మాత్రం ఆంగ్ల అక్షరాలూ అర్థంలేని గుర్తులూ వరుసకట్టి ఉన్నాయి.

అను వంటి పాత ఫాంట్లు ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కలను, అంటే తలకట్టును ఒకచోట, ఒత్తును మరొకచోట, కూర్చి పెట్టుకున్నాయి. 1991లోనే అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్ తెలుగుకు విడిగా చోటిచ్చినా, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0కు అది తెలియదు. ఆ తర్వాత కొత్త పేజ్‌మేకర్ రానే లేదు. మనను విండోస్‌కు కట్టేస్తున్నవి మనం ఏళ్లతరబడి దాచుకున్న ఈ ఫైళ్లే. వాటి సంగతి తేల్చకుండా వ్యవస్థ మార్చడం తొందరపాటు.

బొబ్బిలి, విద్యార్థి:
ఆ ఫాంటు ఫైలును లినక్స్‌లో వేసుకుంటే అక్షరాలు కనిపిస్తాయి కదండీ?

ఆమదాలవలస, ముద్రణ పని:
కనిపిస్తే చాలదు బాబూ, పేరు దిద్దాలి. ఆ అక్షరాలను కొట్టించే కీబోర్డు ప్రోగ్రాం విండోస్ కోసం తయారైనది.

విజయనగరం, డీటీపీ దుకాణం:
ఈ ఇబ్బందిని నేను తక్కువగా అంచనా వేశానని ఒప్పుకుంటున్నాను. ఒక కంప్యూటరులో మళ్లీ విండోస్ 10 పెట్టి, ఇంటర్నెట్ వైరు తీసేసి, పాత ఫైళ్లకు మాత్రమే ఉంచుతాను. అయినా రెండోది లినక్స్‌లోనే ఉంటుంది. కొత్త పనులన్నీ భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో, మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో చేసి, ఫాంటు లోపలే ఇమిడిన పీడీఎఫ్‌ను ప్రెస్సుకు పంపుతాను. పాత శుభలేఖ ఎవరడిగినా, ముందు అందులోని మాటలను యూనికోడ్‌లో మళ్లీ కొట్టాకే అచ్చుకిస్తాను. దానికి అరగంట ఎక్కువ పట్టినా ఆ ఫైలుతో మళ్లీ అదే పేచీ రాదు.