వంజంగిలో సీసాకు డిపాజిట్ పెడితే పనిచేస్తుందా?

విశాఖ_నడక: చలికాలంలో మేఘాలు చూడ్డానికి పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కిన వాళ్లు చెప్పండి. కింద సీసాకు కొంత డబ్బు కట్టించుకుని, ఖాళీ సీసా తెస్తేనే తిరిగిస్తే చెత్త తగ్గుతుందా? లంబసింగి, మారేడుమిల్లి సంగతీ రాయండి.

పాడేరు_మాది: సీసాలైతే కనిపిస్తాయి, ఏరేస్తాం. క్యాంప్‌ఫైర్‌లో పడేసి కాల్చేవాటితోనే చావు. పొద్దున చూస్తే కరిగిన ప్లాస్టిక్ రాతికి అంటుకుపోయి ఉంటుంది, కొడవలితో గీకినా రాదు. మిగిలిన పులావు కవర్లో ముడేసి విసిరేస్తారు. ఉప్పు వాసనకి పశువులు కవరుతో సహా మింగేస్తాయి. మా పిన్ని వాళ్ల దూడ పొట్ట ఉబ్బి చచ్చిపోయింది. దానికి ఎవరు డిపాజిట్ కడతారు?

కూనూరు_తెలుగు: డిపాజిట్ పనిచేస్తుంది. మద్రాసు హైకోర్టు చెప్పాక 2022లో మా నీలగిరిలోనే మొదలైంది. మద్యం సీసాకు 10 రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, ఖాళీది ఇస్తే వెనక్కిస్తారు.

అడ్డాకు: సీసాలు సరే, ప్లేట్ల సంగతేంటి? మా ఏజెన్సీ ఆడవాళ్లు అడవంతా తిరిగి అడ్డాకు కోసి, పుల్లలతో విస్తళ్లు కుట్టి సంతకు తెస్తారు. కొండ కింద హోటళ్లు అవే వాడాలి.

డిస్పోజబుల్_శ్రీను: నేను ఈ వ్యాపారంలోనే పెరిగాను, నా మాట వినండి. మిషన్ మీద నొక్కిన ఆకు ప్లేట్లు చాలావాటికి లోపల పాలిథిన్ షీటు ఉంటుంది. పేపరు కప్పుకీ లోపల ప్లాస్టిక్ పూతే, లేకపోతే టీ కారిపోతుంది. ఆకు కదా అని మురిసిపోకండి.

అడ్డాకు: మా కుట్టు విస్తరిలో షీటెక్కడుందో చూపించండి! మీ మిషన్ సరుకులో లోపముంటే మా ఆకు మీద నింద వేస్తారా?

డిస్పోజబుల్_శ్రీను: కోపం దేనికండీ? కుట్టు విస్తట్లో సాంబారు ఆగదు. ఏ హోటలువాడూ కొనడు.

రాజాం_అత్తయ్య: ఎందుకాగదు బాబూ? మా పెళ్లిళ్లన్నీ వాటి మీదే జరిగాయి. అన్నం మధ్యలో గుంట చేసి పోసుకోవాలి. ఆ మాత్రం తెలియనివాళ్లు వ్యాపారం గురించి మాకు చెప్పడమా!

అచ్చంపేట_కిరణ్: శ్రీశైలం రోడ్డు మీద ఇంకా ఘోరం. అమ్రాబాద్ పులుల అడవిలో కార్లు ఆపి కోతులకు తిండి కవర్లతోనే విసురుతున్నారు. రాత్రి 9 తర్వాత బండ్లు ఆపుతున్నట్టే పగలు సంచులూ చూడాలి. తిరుమలకైతే అలిపిరిలోనే తనిఖీ చేస్తున్నారు కదా.

విశాఖ_నడక: నేనడిగింది సీసాల గురించి...

గ్యాంగ్‌టక్_ఉద్యోగి: 2022 జూలై 1 నుంచి దేశమంతా ఆపినవాటిలో ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి, నీళ్ల సీసా లేదు. సిక్కిం ఆ ఏడాది జనవరిలోనే సీసా నీళ్లు ఆపేసింది. కొండ మీద అమ్మకమే ఆపండి, కింద మంచినీళ్ల కుళాయి పెట్టండి.

పాడేరు_మాది: కుళాయికి నేనూ ఒప్పుకుంటా. ముందు మా ఊళ్లకే వేసవిలో నీళ్లుండవు, అది కూడా అడగండి.

రాజాం_అత్తయ్య: అడ్డాకు అమ్మాయ్, సంక్రాంతికి మావాళ్లు నలభైమంది అరకు వస్తున్నారు. విస్తళ్లు దొరుకుతాయా?

అడ్డాకు: వారం ముందు చెప్పండి అత్తయ్యగారూ, కుట్టిస్తాను. ఎండినవి కాబట్టి వడ్డించే ముందు నీళ్లు చిలకరించండి, లేకపోతే మడతల దగ్గర విరుగుతాయి.