ఇంట్లో షఫుల్‌బోర్డ్ టేబుల్: 12 అడుగులా, 14 అడుగులా, 16 అడుగులా?

కమ్మింగ్_పల్నాడు

అందరికీ నమస్కారం. మాది జార్జియాలో కమ్మింగ్. ఈ మధ్యే బేస్‌మెంట్ ఫినిష్ చేయించాం, ఇంటిల్లిపాదీ కలిసి ఆడుకునేది ఏదైనా పెడదామని ముందు పూల్ టేబుల్ చూశాం కానీ మా రూమ్ వెడల్పు 11 అడుగులే, 8 అడుగుల పూల్ టేబుల్‌కి మామూలు 58 అంగుళాల క్యూ కర్ర ఆడించాలంటే ఎటు చూసినా 17 అడుగులకి 13 అడుగుల పైన చోటు కావాలంట, దాంతో ఆ ఆలోచన మానేశాం. షఫుల్‌బోర్డ్‌కి, అంటే పొడవాటి చెక్క పలక మీద బరువైన గుండ్రటి బిళ్లల్ని (పక్స్) తోసి అవతలి చివర పాయింట్ల గడుల్లో ఆపే ఆటకి, క్యూ గొడవ లేదు, చేత్తో తోయడమే కాబట్టి పక్కల పెద్దగా చోటు అక్కర్లేదంటున్నారు, నాకూ మా ఆవిడకీ ఇద్దరికీ ఆట బాగా నచ్చింది.

రూమ్ పొడవు పందొమ్మిదిన్నర అడుగులు. నాకేమో 16 అడుగులది కొనాలని ఉంది, మా ఆవిడ 9 అడుగులది చాలు, మిగిలిన చోట సోఫా, క్యారమ్స్ పెట్టుకుందాం అంటోంది. పిల్లలు ఇద్దరు, ఒకడికి 8, పెద్దదానికి 12. వేసవిలో మా అమ్మా నాన్నా నరసరావుపేట నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటారు, నాన్నకి మోకాళ్ల నొప్పులు గానీ క్యారమ్స్ అంటే ప్రాణం, ఆయన కూడా ఆడగలిగేలా ఉండాలి. బేస్‌మెంట్‌కి వెనక యార్డ్‌లోంచి డోర్ ఉంది. ఇంట్లో పెట్టుకుని ఆడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఏ సైజ్ తీసుకోవాలో కాస్త చెప్పండి, డబ్బు సంగతి తర్వాత చూసుకుంటా.

ఫ్రిస్కో_ఓరుగల్లు

అన్నా, మా దగ్గర 12 అడుగులది ఉంది. టెక్సాస్‌ల బేస్‌మెంట్లు ఉండవ్ కదా, మా గేమ్ రూమ్ మేడ మీద ఉంటది, అందుకే నాకు సైజ్ కంటే ముందు మెట్ల సంగతి చూడాల్సొచ్చింది.

ఫస్ట్ లెక్క చెప్తా. ఆడేటోడు టేబుల్ చివర నిలబడి ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి వంగి తోస్తడు. దానికి రెండు చివర్ల తక్కువల తక్కువ 2 అడుగులు కావాలె, 3 ఉంటే హాయిగ ఉంటది. నీ పందొమ్మిదిన్నరల 16 పెడితే ఒక్కో చివర 1 అడుగు 9 అంగుళాలే మిగుల్తది, గోడకి వీపు ఆనించి ఆడుడే అయితది, చెయ్యి వెనక్కి పోదు. 14 పెడితే చెరో 2 అడుగుల 9 అంగుళాలు వస్తది, అది ఓకే. 12కి చెరో 3 అడుగుల 9 అంగుళాలు, ఇంక ఢోకా లేదు. పక్కల ఏం ప్రాబ్లం రాదు, క్యాబినెట్ (పలక చుట్టూ ఉండే బయటి చట్రం) వెడల్పు రెండున్నర అడుగుల చిల్లర ఉంటది, ఒక దిక్కు గోడకి కొంచెం దగ్గరగ జరిపినా నడుస్తది, కాకపోతే పలక చుట్టూ ఉండే గాడిల పడిన పక్ తీసుకునేటందుకు మనిషి పట్టేంత సందు ఉంచుకో.

9 అడుగులది మాత్రం వద్దన్నా. పక్ మామూలుగ 330 గ్రాముల పైన బరువుంటది, ఉక్కు బిళ్ల కాబట్టి గట్టిగ ఉంటది, 9 అడుగుల మీద దాన్ని వేలితో అట్ల అంటే చాలు అవతల గాడిల పడుతది. చాలా 9 అడుగుల టేబుల్స్‌ల ఆడే పలక వెడల్పు కూడ తగ్గిస్తరు, పూర్తి సైజ్ 20 అంగుళాలు ఉండాలె. వదినకి చెప్పు, 12ది పెట్టినా 11 అడుగుల వెడల్పు రూమ్‌ల ఒక దిక్కు సోఫా పడ్తది.

మేడ మీద పెట్టెటోళ్లు ఎవరన్నా చదివితే వాళ్ల కోసం ఒక మాట. మంచి 12 అడుగుల టేబుల్ 500 పౌండ్ల దాకా ఉంటది, ఫ్లోర్ మోస్తదా అని మస్తు భయపడ్తరు. ఇక్కడ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్ల పడకగదులు కాని రూమ్‌ల ఫ్లోర్ చదరపు అడుగుకి 40 పౌండ్లకి డిజైన్ చేస్తరు, టేబుల్ 30 చదరపు అడుగుల పైన పరుచుకుంటది, అంటే అడుగుకి 17 పౌండ్లు పడ్తది. కాకపోతే ఆ బరువంత కాళ్ల మీదనే దిగుతది కాబట్టి జాయిస్టులకి (ఫ్లోర్ కింద మోసే దూలాలకి) అడ్డంగ పడేటట్టు పెట్టుకుంటే మంచిది.

ట్యావెర్న్_లీగ్

నేను సియాటిల్ దగ్గర ఒక బార్‌లో లీగ్ ఆడతాను, అక్కడ ఉండేవి 22 అడుగుల టేబుల్స్, టోర్నమెంట్ సైజ్ అదే. పైన బ్రదర్ చెప్పిన కొలతలన్నీ కరెక్టే, నేను ఆట వైపు నుంచి ఒకటి చెప్తాను.

22 అడుగుల మీద చివర ఉండే 3 పాయింట్ల గడి, 2 పాయింట్ల గడి చెరో 6 అంగుళాలే. అంత దూరం నుంచి అంత సన్నటి గడిలో పక్‌ని ఆపడమే ఆటలో మజా, పక్ కొంచెమైనా చివరి అంచు మీంచి బయటికి వేలాడుతూ ఆగితే 4 పాయింట్లు, దాన్ని హ్యాంగర్ అంటారు, ఒకసారి అది పడిందంటే ఇంక ఆట వదలబుద్ధి కాదు. పొడవు తగ్గేకొద్దీ ఆ దూరాన్ని చేతికి అలవాటు చేసుకునే పని తగ్గిపోతుంది, అందుకే నాలాంటివాళ్లు ఎంత పొడవు పడితే అంత పెట్టండి అంటారు. కానీ చోటు లేనిచోట 16 ఇరికించడం కంటే చోటున్న 14 చాలా నయం అండి, నిలబడే తీరు కుదరకపోతే గురి కుదరదు.

ఇంకోటి, అందరూ పొడవు పట్టుకుని కూర్చుంటారు గానీ పైన ఉండే పలక మందం చూడండి. మంచివాటిలో గట్టి మేపుల్ చెక్క ముక్కలు అతికించి చేసిన పలక, మీద మందంగా పాలిమర్ పూత, మొత్తం 3 అంగుళాల దాకా మందం ఉంటుంది. చవకవాటిలో అంగుళం, అంగుళంన్నర ఉంటుంది, అవి రెండేళ్లకే వంపులు తిరుగుతాయి. అడుగున క్లైమాటిక్ అడ్జస్టర్స్ ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి, అవి పలక కింద అడ్డంగా బిగించిన ఇనప పట్టీలు, బోల్ట్ తిప్పితే పలక మధ్యలోకి కొద్దిగా గుంట పడుతుంది. పలక మీద స్టీల్ స్కేల్ అడ్డంగా నిలబెట్టి అవతల నుంచి టార్చ్ వేస్తే మధ్యలో సన్నగా వెలుతురు కనపడాలి, అలా ఉంటేనే పక్ పక్కకి కొట్టుకుపోకుండా మధ్యలో నిలబడుతుంది. నన్నడిగితే అడ్జస్టర్స్ లేని 16 కంటే మందం పలకా అడ్జస్టర్సూ ఉన్న 12 పది రెట్లు మేలు.

కమ్మింగ్_పల్నాడు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి నేలమీద బ్లూ టేప్ అంటించి 12కీ 14కీ గీతలు గీసి చూశాను, పిల్లలు రెండు చివర్లా నిలబడి తోసినట్టు చేశారు. 14 పట్టింది గానీ ఒక చివర బాత్రూమ్ డోర్ ఉంది, అది రూమ్‌లోకి తెరుచుకుంటుంది, 28 అంగుళాల తలుపు. అక్కడ నిలబడి ఆడేవాళ్లకి సరిగ్గా నడుము మీద తగులుతోంది. డోర్ తిప్పించుకోవాలా లేక 12కి దిగాలా?

ఇంకోటి, నాన్న సంగతి. ప్రతి రౌండ్‌కీ అవతలికి ఇవతలికి నడవాలి కదా, ఆయనకి కష్టమేమో అని.

ఎడిసన్_అరుణక్క

తమ్ముడూ, నాన్నగారి గురించి దిగులు పడకు. ఇద్దరే ఆడితే నడవాలి గానీ నలుగురు ఆడేటప్పుడు ఒక్కో జట్టులో ఒకళ్లు ఈ చివర, ఒకళ్లు ఆ చివర ఉండిపోతారు, ఆ చివరనుంచి తోసినవే ఈ చివరవాళ్లు ఇటునుంచి అటు తోస్తారు, ఎవరూ కదలక్కర్లేదు. మా మామయ్యగారు అలాగే ఆడతారు, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య కూర్చోవడానికి ఎత్తుగా ఉండే స్టూల్ ఒకటి ఆయన చివర వేశాం. అందుకని ఆయన నిలబడే చివర మాత్రం స్టూల్‌తో కలిపి 3 అడుగుల పైనే ఉంచు, బాత్రూమ్ డోర్ లేని వైపు చూసుకో. టేబుల్ ఎత్తు 30, 32 అంగుళాలే ఉంటుంది కాబట్టి 8 ఏళ్ల వాడికీ అందుతుంది, చిన్న చేతులకి కాస్త చిన్న పక్స్ కూడా విడిగా దొరుకుతాయి.

అసలు నేను రాయాలనుకుంది పౌడర్ గురించి, దీని గురించి ఎవరూ చెప్పరు. క్యారమ్స్ పౌడర్ లాగే దీని మీదా చల్లాలి, కానీ ఇది కార్న్‌మీల్, సిలికాన్ పూసలు కలిపింది. ఆడేకొద్దీ అంచుల మీంచి నేల మీదకి రాలుతుంది, మీ బేస్‌మెంట్‌లో వినైల్ ప్లాంక్ గానీ టైల్ గానీ ఉంటే దానిమీద కాలు పెట్టగానే జర్రున జారుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన సాక్సులతో వచ్చి నిలబడే చోట అది చాలా ప్రమాదం. రెండు చివర్లా వెనక రబ్బరున్న రగ్గులు వెయ్యి, పక్కల కూడా సన్నటి రన్నర్ పరిస్తే ఇంకా మంచిది, ఆట అయ్యాక వాక్యూమ్ చెయ్యి, తడిగుడ్డ పెట్టకు, పలకకైతే నీళ్లు అసలే తగలనివ్వకు. చోటు కొలిచేటప్పుడు ఈ రగ్గులు కూడా లెక్కలో వేసుకో, రగ్గు మడత పడి డోర్‌కి అడ్డం రాకూడదు. పొట్టి టేబుల్‌కి స్లో పౌడర్ కొనుక్కో, ఫాస్ట్‌ది వేస్తే 12 అడుగుల మీద పక్ అసలు ఆగదు.

జార్జియాలో వేసవి చెమ్మ గురించి నీకు తెలిసిందే. బేస్‌మెంట్‌లో డీహ్యూమిడిఫైయర్ పెట్టి తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంచితే చెక్క కుదురుగా ఉంటుంది. ఏసీ గాలి నేరుగా తగిలే వెంట్ కిందా, ఎండ పడే గ్లాస్ డోర్ పక్కనా పెట్టకు. టేబుల్ దిగగానే బోల్టులు తిప్పకుండా రెండు వారాలు ఆ గది వాతావరణానికి అలవాటు పడనిచ్చి అప్పుడు సరిచేసుకోవాలి.

డోర్ సంగతికి వస్తే, తలుపు లోపలికి తెరుచుకునేలా మార్పించడానికి బాత్రూమ్‌లో చోటుంటే అదొక పూట పని, అప్పుడు 14 తీసుకో. సింక్ అడ్డం వస్తే మాత్రం 12 తీసుకో, రోజూ ఆ తలుపుతో గొడవ పడలేవు.

ఫ్రిస్కో_ఓరుగల్లు

అక్క పౌడర్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అన్నా, ఆర్డర్ పెట్టేముందు డెలివరీ దారి కూడ కొలువు. పలక ఒకే ముక్కగ వస్తది, క్యాబినెట్ కంటే అడుగున్నర దాకా పొట్టిగ ఉంటది కానీ వంగదు, మలుపు తిరగదు. మా ఇంట్ల మెట్లు మధ్యల ఎల్ ఆకారంల తిరుగుతయ్, 14 పలక ఆ మలుపుల పట్టదని టేప్‌తోనే తెలిసింది, అందుకే 12కి ఆగినం. నీకు వెనక డోర్ ఉంది కాబట్టి మెట్ల బాధ లేదు, కాని డ్రైవ్‌వే నుంచి వెనక యార్డ్ దాకా ఎట్ల తెస్తరో చూడు.

కమ్మింగ్_పల్నాడు

అక్కా, సింక్ అడ్డం రావడం లేదు, డోర్ లోపలికి తిప్పొచ్చని కాంట్రాక్టర్ చెప్పాడు, కాబట్టి 14కే ఫిక్స్ అయ్యాం, మా ఆవిడ కూడా టేప్ గీతలు చూసి సోఫా పడుతుందని ఒప్పుకుంది. అన్నా, డ్రైవ్‌వే నుంచి వెనక్కి ఇంటి పక్కన గడ్డి వాలు ఉంది, దాని చివర ఏసీ యూనిట్‌కీ ఫెన్స్‌కీ మధ్య 34 అంగుళాల గేట్ ఉంది, గేట్ దాటగానే డోర్ కోసం కుడివైపు తిరగాలి. పలక పట్టుకుని అక్కడ తిరగొచ్చా?

ట్యావెర్న్_లీగ్

పలక వెడల్పు 20 అంగుళాలే, పక్కకి నిలబెట్టి మోస్తారు కాబట్టి 34 అంగుళాల గేట్‌లో దూరుతుంది. తిరగడానికి గేట్ అవతల ముందుకి 13 అడుగులు ఖాళీ ఉంటే చాలు, యార్డ్‌లోకి పూర్తిగా దాటించి అక్కడ తిప్పి డోర్‌లోకి తోసేయొచ్చు. వాన పడిన మర్నాడు డెలివరీ పెట్టుకోకండి, తడి గడ్డి వాలు మీద అంత బరువు మోసేవాళ్లకి కాలు నిలవదు. గేట్ ఫోటో, వాలు ఫోటో ముందే షాపువాళ్లకి పంపితే ఎంతమంది రావాలో వాళ్లే చూసుకుంటారు.