అప్‌డేట్: డీఎక్స్7లోకి సిస్‌ఎక్స్ ఫైల్ ఎక్కింది

కంప్యూటర్ నుంచి 32 వాయిస్‌ల (ధ్వనుల సెట్టింగుల) సిస్‌ఎక్స్ ఫైల్, అంటే సింథ్‌కి సెట్టింగులు మోసుకెళ్లే డేటా, పంపితే యమహా డీఎక్స్7 సింథసైజర్ ఉలకదు, పలకదు, ఎందుకని ఇంతకుముందు అడిగాను కదా. ఒకటి కాదు, రెండు తప్పులు.

మొదటిది సెట్టింగులది. మెమరీ ప్రొటెక్ట్ ఇంటర్నల్ నొక్కి 'నో' అనాలి. తర్వాత ఫంక్షన్, 8వ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతూ 'సిస్ ఇన్ఫో అన్‌అవైల్' దగ్గర 'ఎస్' నొక్కితే 'అవైల్' అవుతుంది. ఎంఐడీఐ (వాద్యాలు, కంప్యూటర్లు డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ఛానెల్ 1 ఉండాలి. ఫైల్‌లోని మూడో బైట్ 00 అంటే అదే.

అయినా ఎక్కలేదు. అసలు దొంగ కంప్యూటర్‌ని సింథ్‌కి కలిపే ఇంటర్‌ఫేస్, అంటే చవక యూఎస్‌బీ-ఎంఐడీఐ కేబుల్. నోట్లు చక్కగా పలుకుతాయి కాబట్టి దానిమీద అనుమానమే రాదు! నోటుకి మూడు బైట్లు చాలు. ఈ డంప్ (ఒకేసారి పంపే మొత్తం డేటా) మాత్రం ఏకబిగిన 4104 బైట్లు: ముందు ఎఫ్0 43 00 09 20 00, తర్వాత 4096 డేటా, డేటా సరిగ్గా చేరిందో చూసే ఒక చెక్‌సమ్, చివర ఎఫ్7. మధ్యలో ఒక్క బైట్ జారినా లెక్క తప్పుతుంది.

ఒక్కోసారి పంపే ముక్కని (బఫర్) 256 బైట్లకు తగ్గించి, మధ్యలో 60 మిల్లీసెకన్ల విరామం ఇచ్చినా లాభం లేకపోయింది. ఇంటర్‌ఫేస్ మార్చాక మొదటిసారికే వెళ్లింది, సెకనున్నరలోపే. తిరిగి కంప్యూటర్‌లోకి డంప్ తీస్తే సరిగ్గా 4104.