చర్చ: ఆర్మీలో గిరిజనులకు ఎత్తు సడలింపు మన చిత్తూరు, తిరుపతి యానాదులకు ఉందా, లేదా?

సువర్ణముఖి: అగ్నివీర్ జనరల్ డ్యూటీ (జీడీ) సిపాయి పోస్టుకు మన రాష్ట్రం వాళ్ళకు 166 సెం.మీ. ఎత్తు కావాల. గిరిజనులకు 162 చాలు. శ్రీకాళహస్తి దగ్గర యానాది పిల్లోడు 164 ఉన్నాడు. పంపచ్చు గదా?

మాజీహవల్దార్: నోటిఫికేషన్‌లో ఉండేది ‘గుర్తింపు పొందిన గిరిజన ప్రాంతాల’ గిరిజనులు అని. ఉత్త ఎస్టీ సర్టిఫికెట్ చాలదు. రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతాలని ప్రకటించిన ఐదో షెడ్యూల్ ఏరియా పాత శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకానే, మన పక్క ఒక్క ఊరు కూడా లేదు. గుంటూరు ఏఆర్‌ఓను (ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసును) ముందే అడగండి. గ్రౌండ్‌లో కొలత కాడ వాదిస్తే బయటికి పంపేస్తారు.

సువర్ణముఖి: నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టినారే! అది గుర్తింపు కాదా?

మాజీహవల్దార్: ఐటీడీఏ వేరే, షెడ్యూల్డ్ ఏరియా వేరే. పైగా ఆర్మీలో కులం రిజర్వేషనే లేదు. ఎస్‌ఎస్‌సీ జీడీ రాయించండి, అంటే టెన్త్ కాదు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్ష. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్‌లో ఎస్టీలకు 7.5 శాతం ఉంది, ఎత్తు 162.5, ఊరితో పనిలేదు. ఛాతీ 76, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాల. 5 కి.మీ. 24 నిమిషాల్లో. సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌లో తీసుకోండి, చానామంది ఈడనే పోతారు.

పాకాల_కుర్రోడు: రెండూ రాయచ్చు గదన్నా.

సువర్ణముఖి: మా వాళ్ళు ఆర్మీకి రావడమే మీకు ఇష్టం లేనట్టుంది. బీహార్ రెజిమెంట్‌లో ఆదివాసీలు తరాలుగా ఉన్నారు. అందులోనే చేరి తర్వాత గార్డ్స్‌కు పోయిన ఆదివాసీ ఆల్బర్ట్ ఎక్కాకు 1971 యుద్ధంలో పరమవీర చక్ర వచ్చింది. మా పిల్లోళ్ళు మాత్రం 2 సెంటీమీటర్లకు ఆగిపోవాలా?

మాజీహవల్దార్: ఇష్టం లేకనే ఇంత రాస్తానా? అగ్నివీర్ 4 ఏండ్లు. నూటికి 25 మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్ళ చేతికి 11.71 లక్షలు, పెన్షన్ లేదు. సెంటు భూమి లేని ఇంటి పిల్లోడు 22 ఏండ్లకు మళ్ళా చెరువుల కాడ కూలికే వస్తాడు. బీఎస్‌ఎఫ్‌లో అయితే 60 దాకా ఉద్యోగం. పేదోళ్ళనే ఆ నాలుగేండ్లకు తోయడం నాకు నచ్చదు.

సువర్ణముఖి: ఇది ముందే చెప్పుంటే సరిపోయేది. మీరు జీతం చూస్తున్నారు. ఎరుకలోళ్ళను, యానాదోళ్ళను బ్రిటిషోళ్ళు నేరస్తుల జాతులని రాసిపెట్టినారు. ఏ దొంగతనం జరిగినా పోలీసులు ఇప్పటికీ మా గుడిసెలకే వస్తారు. మిలిటరీ యూనిఫారంలో ఒక్కడు వీధిలో నడిస్తే, ఆ నాలుగేండ్లూ మాకు చాలు.

మాజీహవల్దార్: బీఎస్‌ఎఫ్‌ది కూడా యూనిఫారమే కదయ్యా.

రేణిగుంట_సార్: అసలు పిల్లోడికి టెన్త్‌లో మొత్తం 45 శాతం, సబ్జెక్టుకు 33 ఉన్నాయా? లేకుంటే అగ్నివీర్ జీడీకి అప్లికేషనే కుదరదు. ఎస్‌ఎస్‌సీ జీడీకైతే టెన్త్ పాస్ చాలు. మార్కుల లిస్టులో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకటేనా చూడండి. యానాది పిల్లోళ్ళకు రెండుచోట్లా రెండు రకాలుగా ఉంటాది.