అప్‌డేట్: వంటల సైట్‌లో స్పామ్ చాలావరకు ఆగింది

సభ్యులు వంటకాలు రాసుకునే మా సైట్‌లో బెట్టింగ్, లోన్ యాప్‌ల లింకులు వచ్చి పడుతున్నాయని, క్యాప్చా (రాసేది మనిషేనా అని చూసే చిన్న పరీక్ష) పెట్టినా ఆగడం లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది కనిపించని గడి. ఫారంలో మనుషుల కంటికి కనబడకుండా దాచిన ఖాళీ గడి ఒకటి పెట్టాం. బాట్‌లు, అంటే తమంతట తామే ఫారాలు నింపే ప్రోగ్రాములు, పేజీ కోడ్ చూసి దాన్ని కూడా నింపేస్తాయి. నిండి వచ్చిన పోస్టు అక్కడే ఆగిపోతుంది. చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ ఆ గడిని చదివే వీలుంది, కాబట్టి "ఇక్కడ ఏమీ రాయకండి" అని లేబుల్ తప్పకుండా పెట్టండి. ఇది చాలా ముఖ్యం.

డబ్బు తీసుకుని చేత్తో పోస్టు చేసేవాళ్లు దీనికి దొరకరు. అందుకే కొత్త సభ్యుల పోస్టులో లింకు ఉంటే మేం చూశాకే బయటికి వస్తుంది. సభ్యుల లింకులకు రెండు గుర్తులు కూడా తగిలించాం: ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్లకు చెప్పే 2005 నాటి 'నోఫాలో', ఇది సభ్యులు పెట్టిన లింకు అని చెప్పే, గూగుల్ 2019లో తెచ్చిన 'యూజీసీ'. సెర్చ్‌లో పైకి రావాలని లింకులు పెట్టేవాళ్లకు దీనితో పెద్దగా లాభం ఉండదు.

పదాల జాబితాతో బ్లాక్ చేయమన్న సలహా మాత్రం పక్కన పెట్టాం. స్పామర్లు అక్షరాల మధ్య చుక్కలు పెట్టి తప్పించుకుంటారు. పైగా 'లోన్' అన్న మాట ఉన్నందుకే, లోన్ తీసుకుని కర్రీ పాయింట్ పెట్టానని సంతోషంగా రాసుకున్న ఆవిడ పోస్టు ఆగిపోతుంది. అది నాకు అస్సలు ఇష్టం లేదు.